ఖాళీ ఉంటే ఓసారి

నాకు కోపం త్వరగా వస్తుంది. వచ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పను. మాటల్లో అండీలు ఎక్కువ తగిలిస్తాను, అంతే. నన్ను బాగా ఎరిగినవాళ్లు, అండీలు పెరిగాయంటే జాగ్రత్తపడతారు.

రాజోలులో ఉన్న నా స్నేహితురాలి మీద అలాంటి కోపం ఎనిమిది నెలలు పెట్టుకున్నాను. మేమిద్దరం ఒక రొయ్యల మేత కంపెనీ ల్యాబులో ఆరేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. చెరువు నీళ్లూ, రొయ్యలూ పరీక్ష చేసి రైతులకి ఏం చేయాలో చెప్పడం మా పని. నీళ్ల పరీక్షలు నావి, మైక్రోస్కోపు తనది, మధ్యాహ్నం క్యారేజీలు మాత్రం ఉమ్మడి. తను ముందు మానేసి రాజోలులో సొంత ల్యాబు పెట్టుకుంది. ఏడాది తరవాత నేనూ ధైర్యం చేసి, ఉప్పలగుప్తం రోడ్డు మీద ఒక గది తీసుకుని బోర్డు కట్టాను.

బోర్డు కట్టిన వారమే తనకి ఫోన్ చేశాను. ఖాళీ ఉంటే ఓసారి ఇటు రావే అన్నాను. ఆయ్, తప్పకుండా వస్తాను అంది. రాలేదు.

నిజానికి అప్పుడు తను రావాల్సిన అవసరం నాకు చాలా ఉంది. రైతులు గుమ్మం దాకా వచ్చి, లోపల ఆడమనిషి ఒక్కర్తే కూచుని ఉండడం చూసి, మళ్లీ వస్తామండి అని వెళ్లిపోయేవారు. తను రెండు రోజులు పక్కన కూచుంటే చాలనిపించేది. ఆ ముక్క మాత్రం తనతో అనలేదు. ఆరేళ్లు ఒకే క్యారేజీలో పప్పుచారు తిన్న మనిషికి ఆపాటి తెలియదా అనుకున్నాను. మూడు వారాలు చూశాను. ఆ తరవాత తనే ఫోన్ చేస్తే "బాగున్నారా అండీ" అన్నాను. తను, బాగానే ఉన్నానే అని పెట్టేసింది.

ఈ వేసవి మొదట్లో ఒక రైతు పొద్దున్నే బకెట్లో రొయ్యలు తెచ్చారు. నేను బాబాయిగారూ అని పిలిచే పెద్దమనిషి. నా గుమ్మం దాటి లోపలికొచ్చిన మొదటి రైతు ఆయనే. ఆయన్ని చూశాకే మిగతావాళ్లు రావడం మొదలుపెట్టారు. చెరువు మీద రొయ్య పెంట తెల్లటి పోగులుగా తేలుతోందని, రొయ్య మేత సరిగ్గా తినడంలేదని చెప్పారు. మర్నాడే వల వేసి పట్టేయమంటారా, ఉంచమంటారా అని అడిగారు. రొయ్యలింకా చిన్నవి. ఇప్పుడు పట్టేస్తే పిందెలు కోసినట్టే. ఉంచాక రోగం ముదిరితే పట్టడానికి ఏమీ మిగలదు.

"మీరెలా చెప్తే అలాగేనండి. ఇంకెవర్నీ అడగలేదు" అన్నారు.

ఆయన్ని మధ్యాహ్నం రమ్మని పంపించి, రొయ్య లివరు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నగా, పొడుగ్గా పురుగుల్లాంటివి కనిపించాయి. అవి నిజంగా పురుగులైతే ఒక వైద్యం, కాకపోతే ఇంకొకటి. పుస్తకం తీశాను, ఫోన్లో బొమ్మలు వెతికాను. ఒక బొమ్మ చూస్తే పురుగే అనిపించింది, ఇంకో బొమ్మ చూస్తే కాదనిపించింది. నేను తప్పు చెప్తే ఆయన పంట పోతుంది. ఆ వెనకే నా బోర్డూ దిగిపోతుంది.

పదింటికి, ఇంక గతిలేక, రాజోలు ఫోన్ చేశాను. పిల్లల సంగతి, ఎండల సంగతి అన్నీ అయ్యాక, ఖాళీ ఉంటే ఓసారి ఇటు రాకూడదూ అన్నాను. ఆయ్, వీలు చూసుకుని వస్తాను అంది. ఇద్దరం పెట్టేశాం.

ఫోన్ బల్ల మీద పెట్టాక గుర్తొచ్చింది, పొద్దున పాలు పోసే ఆవిడతో కూడా నేను ఇదే మాట అన్నాను. ముందురోజు అమలాపురం బస్సులో చిన్నప్పుడు నాతో చదువుకున్నావిడ కనిపిస్తే ఆవిడతోనూ అన్నాను. ఆవిడ ఎక్కడ దిగిందో కూడా చూడలేదు. మా వైపు ఈ మాట ఇంక ఉంటానని చెప్పడానికి పనికొస్తుంది. ఎవరైనా పట్టుకుని నిజంగా వచ్చేస్తే, ఇంట్లో పాలు ఉన్నాయో లేవో అని కంగారుపడతాం. నాకు సిగ్గేసింది. మళ్లీ నంబరు నొక్కాను.

"ఒక స్లైడు నాకు అర్థం కావట్లేదే. భయమేస్తోంది. నీకు ఖాళీ లేకపోయినా ఇప్పుడే రావాలి" అన్నాను.

గంటన్నర పడుతుంది, బతికున్న రొయ్యల్ని బకెట్లోనే ఉంచు అంది.

బోడసకుర్రు వంతెన మీదుగా స్కూటీ మీద, పన్నెండు కాకుండానే వచ్చింది. ఎండకి మొహం కందిపోయింది. మంచినీళ్లు కూడా తాగకుండా కొత్త రొయ్య కోసి స్లైడు వేసింది. చాలాసేపు చూసి, నన్ను పక్కకి లాక్కుని చూపించింది. పురుగైతే లోపల గుండ్రంగా ఒక చుక్క ఉండాలట, కదలాలట. ఇవి లివరు పొరలు ఊడిపోయి పోగులుగా చుట్టుకున్నవట. పురుగుమందు వద్దంది. మేత సగానికి తగ్గించి, నీళ్లు మార్చి, నాలుగు రోజులు చూడమంది. బాబాయిగారు వచ్చాక, నాకు తెలియక తనని పిలిపించానన్న సంగతితో సహా ఇద్దరం కలిసి చెప్పాం. ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఆయ్, ఆగుతామండి" అన్నారు.

అన్నాలు తింటుండగా నా కోపం సంగతి చెప్పేశాను. బోర్డు కట్టినప్పుడు ఎందుకు రాలేదని అడిగాను.

"నువ్వు నిజంగా రమ్మన్నావని తెలిస్తే కదా" అంది. కాసేపటికి, పెరుగు కలుపుకుంటూ తనే అడిగింది. "నేను ఉద్యోగం మానేసే ముందు, ఓ ఆదివారం నీకు ఫోన్ చేశాను. గుర్తుందా?"

నాకు గుర్తులేదు. ఆ రోజు రాజీనామా కాగితం రాసుకుని ఉందట. ఇంట్లో అందరూ వద్దంటున్నారట. ఇచ్చే ముందు ఎవరితోనైనా కూచుని మాట్లాడాలనిపించిందట.

"ఖాళీ ఉంటే ఓసారి ఇంటికి రావే అన్నాను. నువ్వు ఆయ్ అన్నావు."

సాయంత్రం దాకా వీధి గుమ్మంలోనే కూచుందట. ఆ ఆదివారం నేనేం చేశానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. చాలా బాధేసింది. కోపం రాలేదా అని అడిగితే, వచ్చింది, నీలాగా అండీ అనలేదు అంతే అంది. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వాం.

బాబాయిగారి చెరువు నిలబడింది. నాలుగో రోజు నుంచి రొయ్య మళ్లీ మేత ఎత్తింది. ఆయనే నలుగురికీ చెప్పారు, ఆ ల్యాబులో తెలియకపోతే తెలియదంటారండీ అని. నేను దాచుకుందామనుకున్న సంగతే నాకు మంచి పేరు తెచ్చింది. అమలాపురం, పి.గన్నవరం ల్యాబుల్లో ఉన్న ఇంకో ముగ్గురు ఆడవాళ్లని కూడా కలుపుకుని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అర్థంకాని స్లైడు ఫొటో తీసి అందులో పెడతాం. మొదటిసారి "నాకు తెలియట్లేదు" అని రాయడానికి నాకు అరగంట పట్టింది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం తన ఫోన్ వచ్చింది. నా గదిలో నలుగురు రైతులు నీళ్ల సీసాలు పట్టుకుని కూచున్నారు. తను పిల్లల సంగతి అడిగింది, ఉక్క సంగతి చెప్పింది. పెట్టేసే ముందు, ఖాళీ ఉంటే ఓసారి రావే అంది.

ఆయ్ అనబోయి ఆగాను.

"ఖాళీ ఉంటేనా, లేకపోయినానా?"

"లేకపోయినా" అంది.

సీసాల మీద పేర్లు రాయించుకుని, రైతుల్ని మర్నాడు రమ్మన్నాను. స్కూటీ తాళం తీసుకుని గదికి తాళం వేశాను.