నేను జ్వరం చూసిన గుర్రాలు

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లో ఉన్న రోజులు. గాజువాక దగ్గర ఒక చిన్న పశువుల ఆస్పత్రిలో నేను కాంపౌండర్ని. జట్కావాళ్లు నన్ను డాక్టరు బాబూ అనేవారు. కాదని ఒక్కసారీ అనలేదు, ఎందుకంటాను?

ఆ వానాకాలం స్టాండులో ఒక జట్కా గుర్రానికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి వెనక కాళ్లు తడబడ్డాయి, ఉచ్చ బొట్లుబొట్లుగా కారింది. ఐదో రోజున కుక్కలా పిరుదుల మీద కూర్చుండిపోయి మళ్లీ లేవలేదు. వారం తిరక్కుండా మరో రెండు అలాగే కూలాయి. అసలు డాక్టరుగారు వచ్చి చూశారు. ఇది వెన్నులోకి, మెదడులోకి పాకే అంటురోగం, ఒకదాని ముక్కు నీరు ఇంకోదానికి తగలనివ్వకు, రోజూ జ్వరం చూసి మొదట్లోనే పట్టుకో అన్నారు. మందు లేదన్నారు.

ఇంక చూడండి నా అధికారం. అన్ని గుర్రాలూ తాగే సిమెంటు తొట్టి ఖాళీ చేయించి సున్నం కొట్టించాను. ఎవరి బాల్చీ వాళ్లకే, ఎవరి దాణా సంచి వాళ్లకే. మాట వినని వాణ్ణి నలుగురిలో తిట్టాను. పొద్దున్నే సైకిలు మీద స్టాండూ, చుట్టుపక్కల ఊళ్లూ తిరిగి ఒక్కో గుర్రానికీ జ్వరం చూసి పుస్తకంలో రాసేవాణ్ణి. గుర్రం ఊరికే నిలబడదు కదా, కర్రకి కట్టిన తాడు ఉచ్చు దాని పైపెదవికి వేసి మెలిపెడితే కదలదు. థర్మామీటరు పెట్టేది వెనక కాబట్టి దాన్ని ప్రతిసారీ డెట్టాలు నీళ్లలో కడిగేవాణ్ణి. శుభ్రం విషయంలో నన్ను వేలెత్తి చూపే మొనగాడు లేడనుకునేవాణ్ణి.

స్టాండులో ఒకతను ఉండేవాడు. పొలం ఫ్యాక్టరీ కింద పోయాక జట్కా కట్టుకున్నాడు. అతని ఆడగుర్రం నిండు చూలు. మొదటి గుర్రం కూలిన రోజే దాన్ని దూరంగా తీసుకుపొమ్మన్నాను. దువ్వాడ అవతల జీడితోటలో కట్టి, పక్కనే పాక వేసుకుని ఉండిపోయాడు. “బాబూ, ఇదొక్కటీ మిగిల్తే సాలు. ఈనిందంటే మళ్లీ నిలబడిపోతాను నాను” అనేవాడు. పూచీ నాది అన్నాను. నా తిరుగుడులో ఆఖరి మజిలీ ఆ తోటే.

తోటకి తెచ్చిన పదో రోజున ఆ గుర్రానికి జ్వరం. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఎవరిని రానిచ్చావయ్యా? ఎవడి గుర్రాన్ని కట్టావిక్కడ?”

“ఎవుల్నీ రానీనేదు బాబూ. మా ఆడదే బువ్వ అట్టుకొచ్చి గట్టుమీదెట్టి ఎలిపోతంది.”

“అబద్ధాలాడకు. గాల్లో వచ్చిందా మరి?”

“మీరు తప్ప దాన్ని ఎవులూ ముట్టుకోనేదు.”

ఆ మాట అతను అమాయకంగానే అన్నాడు. అతని అబద్ధం పట్టుకుందామని నేనే గట్టు మీద కూర్చుని పుస్తకం తీశాను. స్టాండు మొహం చూడని పాలబండి గుర్రం జ్వరం వచ్చినవాటిలో ఉంది. కొండపక్క పెళ్లిగుర్రం ఉంది. వాటికి నీళ్లు కలవలేదు, మేత కలవలేదు. నేను ఏ వరసలో తిరిగానో ఆ వరసలోనే జ్వరాలు. చేతిలో తాడు చూసుకున్నాను. చొంగతో, చీమిడితో నల్లగా జిగురు పట్టి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఒక్కసారీ కడగలేదు.

చెప్పకుండా సైకిలెక్కేద్దామనే అనిపించింది, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. కానీ అతను గుర్రం మెడ నిమురుతూ, బాబు రోజూ వచ్చి చూడబట్టే నువ్వింతకాలం బాగున్నావని దానితో అంటున్నాడు. అది విన్నాక ఉండలేకపోయాను. తాడు చూపించి, “దీనికి జబ్బు అంటించింది నేనే” అన్నాను.

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది. తాడు వంక చూశాడు, గుర్రం పొట్ట వంక చూశాడు. “స్టాండులో ఆళ్లకి సెప్పీసినారేటి?” అన్నాడు.

“లేదు. ఇప్పుడే తెలిసింది.” ఆ పొద్దున కూడా అక్కడ మిగిలిన నాలుగింటికీ అదే తాడు వేసి వచ్చాను.

“అయితే ఇక్కడ కూకున్నారేటి? ఎల్లండి. ఇదెలాగూ పోతాది.”

తాడుని పాక ముందు పొయ్యిలో పడేసి, చేతులు కడుక్కుని సైకిలు తొక్కాను. స్టాండు మలుపు తిరిగేసరికి నలుగురు జట్కావాళ్లూ బీడీలు పారేసి లేచారు. ఒక్కపూటలో రెండోసారి వచ్చానేమని ఎవరూ అడగలేదు. ముందున్నవాడు తన గుర్రం పైపెదవి తనే పట్టుకుని, తాడు వేసుకోమని నాకు అందించాడు.