అత్తయ్యగారి మూడో చెయ్యి

పెళ్ళయిన కొత్తలో నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. జ్ఞానేంద్రియాల పాఠానికి ఒక ప్రయోగం అనుకుని, ముందు ఇంట్లో మా అత్తయ్యగారి మీద చేసి చూద్దామనుకున్నాను.

గాజుల షాపులో గాజులు తొడిగి పెట్టే ప్లాస్టిక్ చెయ్యి అడిగి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అసలు చెయ్యి కనబడకుండా అట్ట అడ్డుపెట్టాను. రెండు చేతుల మీదా ఒకేసారి, ఒకే చోట బ్రష్షుతో రాస్తూ కూర్చున్నాను. కంటికి కనబడేదీ చర్మానికి తెలిసేదీ కలిస్తే, ఆ బొమ్మ చెయ్యే తనదని మెదడు నమ్మేస్తుందట.

"ఏటమ్మా ఈ సోద్యం! నా సెయ్యేదో నాకు తెలీదేటి?" అని ఆవిడ నవ్వారు.

ఐదు నిమిషాలాగి, అప్పడాల కర్రతో ప్లాస్టిక్ చేతి మీద ఠపీమని ఒక్కటేశాను.

"ఓలమ్మో! నా సెయ్యి ఇరగ్గొట్టేసిందర్రా!"

పక్కిళ్ళవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ చెయ్యి పట్టుకుని మూలుగుతున్నారు. నా చేతిలో కర్ర అలాగే ఉంది. నాడులనీ మెదడనీ నేనెంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

"అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి!" అని బతిమాలాను.

ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "దెబ్బ తగల్లేదర్రా. నొప్పి మాత్రం పుట్టింది" అన్నారు. సైన్సు ప్రకారం అది అక్షరాలా నిజం. కానీ నా పరువు దక్కలేదు.

మెదడుని బోల్తా కొట్టించడానికి ఐదు నిమిషాలు చాలాయి. వీధివాళ్ళకి నిజం నమ్మించడానికి ఆరేళ్ళు చాలలేదు. ఇప్పటికీ ఎవరైనా "చెయ్యెలా ఉందండీ?" అని అడిగితే, ఆవిడ ఓరగా నాకేసి చూసి, "కోడలు స్కూలుకెళ్ళాక బాగానే ఉంటాది" అంటారు.