సువార్తకు ఈజీ పెట్టిన రోజు

మా చిన్నప్పుడు కంప్యూటర్ ఆటలో ఈజీయా, హార్డా అని ఎంచుకునే హక్కు ఆడేవారికి ఉండేది కాదు... తర్వాతి వంతు కోసం వెనక కూర్చున్నవారికి ఉండేది.

నవ్వకండి. అది మేము కొట్లాడి తెచ్చుకున్న చట్టం.

గోపాల్‌పేటలో మా చిన్నాయన ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. వనపర్తిలో ఎవరో వాడి వదిలేసినది. వేరుశనగ బస్తాల పక్కన బల్ల మీద, చిన్నమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పుకుని కూర్చునేది. అందులో ఆట ఒక్కటే... కార్ల పందెం. మూడు చుట్లు పూర్తిచేస్తే గెలిచినట్టు, పట్టికలో పేరు కొట్టుకోవచ్చు, మళ్లీ ఆడవచ్చు. ఓడిపోతేనే లేవాలి.

ఈ ఏర్పాటులోని లోపాన్ని మొదట కనిపెట్టినవాడు చిన్నాయన కొడుకు శీను, నాకు తమ్ముడి వరస. ఈజీ పెట్టుకుని ఒక ఆదివారమంతా లేవలేదు. ఈజీ పట్టిక నిండా వాడి పేరే. వాదించాను, అరిచాను, చివరికి గెలిచాను. అప్పటినుంచి ఎవరు ఆడినా, లెవల్ పెట్టేది వారి తర్వాత ఆడబోయేవారే.

ఫలితం ఊహించగలరు. అందరూ అందరికీ హార్డే పెట్టారు. ప్రతి ఒక్కరూ రెండు నిమిషాల్లో లేచారు. న్యాయం అంటే అదేనని నేను గట్టిగా నమ్మాను... పదకొండేళ్ల వయసులో.

హార్డ్ పట్టిక ఖాళీగా ఉండేది. ఒక్క పేరూ లేదు. దానికి దగ్గరగా వెళ్లింది ఒక్క సువార్త. నా తరగతే, మా వెనక వీధి. రెండుసార్లు మూడో చుట్టుదాకా వెళ్లి వంతెన మలుపులో గుద్దుకుంది. ఆడుతున్నంతసేపూ పెదవులు లోపలికి మడుచుకునేది, ఎవరు పిలిచినా పలికేది కాదు.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోవచ్చాయి. సువార్త వాళ్ల అమ్మానాన్నలు కట్టడాల పనికి పుణె వైపు వెళ్తున్నారు. ఈసారి ఆమెను కూడా తీసుకుపోతున్నారు. మర్నాడు పొద్దున కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి వస్తుంది.

ఆ మధ్యాహ్నం సువార్త వచ్చి, ఎప్పటిలాగే వరుసలో కూర్చుంది. ఆమె వెనక నా వంతు.

"ఇయ్యాల కొడ్త సూడు," అంది చేతులు లంగాకు తుడుచుకుంటూ.

"ఆ... వంతెన కాడ్నే మళ్ల బొక్కబోర్ల పడ్తవ్ తియ్," అన్నాడు శీను.

"నీ లెక్క ఈజీల కొట్టుకునేదాన్ని గాదు లేరా."

లోపలి నుంచి చిన్నమ్మ కేక వేసింది. "కండ్లు పోతయ్! జర దూరం జరిగి కూసోండ్రి!"

ఆమె వంతు రాగానే లెవల్ పెట్టడానికి మౌస్ నా చేతికొచ్చింది. సువార్త తెర వైపు చూడనైనా లేదు, పెట్టేది హార్డే కదా. నేను ఈజీ నొక్కాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆడుకుంటుంది, సాయంత్రందాకా నా వంతు రాకపోయినా ఫరవాలేదు... అది నేనిచ్చే కానుక అనుకున్నాను. త్యాగం చేసినంత గొప్పగా అనిపించింది, దాచడమెందుకు.

మొదటి చుట్టు అయింది. రెండోదీ అయింది. మూడో చుట్టులో వంతెన దాటగానే శీను బల్ల మీద చరిచాడు. "కొట్టింది రో!"

సువార్త స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. అంత నవ్వు ఆమె ముఖంలో నేను అంతకుముందు చూడలేదు. అప్పుడే తెర మీద పట్టిక వచ్చింది...

శీను. శీను. శీను. చివర ఒక ఖాళీ గీత.

ఆమె కాసేపు చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈజీ పెట్టినవా?"

"రేపు పోతున్నవ్ గదనే... జర ఎక్కువ సేపు ఆడుకుంటవని."

"నేనడిగిన్నా?"

"గట్ల గాదే..."

"పోయేది నేను. నా చేతులేడ పోయినయ్?"

శీను మధ్యలో దూరాడు. "అక్కా, పేరన్న కొట్టుకోవే."

"మీ అక్క పేరే కొట్టుకోమను," అంది నన్ను చూపిస్తూ.

గెలిచినవారు లేవనక్కర్లేదని చట్టం. ఆమె స్టూలు వదిలి కదిలింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "కూసో, నా వంతు గూడ నువ్వే ఆడు. హార్డ్ పెడ్త, నువ్వే సూస్కో." ఆమె స్టూలు వైపు ఒక అడుగు వేసింది. అంతలో బయట నుంచి వాళ్లమ్మ గొంతు. "సువార్తా! సంచులు కట్టాలె, ఇంక రావా?"

ఆమె వెళ్లిపోయింది.

మరుసటి ఎండాకాలం వాళ్లు తిరిగివచ్చేసరికి ఆ కంప్యూటర్ పాడై పాత సామాన్ల బండెక్కింది. బోరింగు దగ్గర కనిపించి సువార్త ఒక్కటే అడిగింది. "హార్డ్‌ల ఎవరన్న కొట్టిండ్రా?"

"ఎవ్వరు కొట్టలే."

"ఆ..." అని బిందె నెత్తికెత్తుకుంది.

ఈ మధ్య మా కాలేజీ డిబేట్ పోటీలో గంట మోగాక నాకు ఒక నిమిషం అదనంగా ఇచ్చారు. "పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మాయి, మాట్లాడనివ్వండి" అన్నారు నిర్వాహకులు, ఎంతో దయగా. నేను ఆ నిమిషం వాడుకోకుండా దిగి వచ్చేశాను. మెట్ల మీద గుర్తుకొచ్చింది సువార్త.

వెసులుబాటు ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. అలా అనేవారితో ఏ వేదిక మీదైనా తలపడతాను. నా తప్పు వేరు. ఆమెకు ఏం కావాలో ఎదురుగా కూర్చుని చెబుతూనే ఉంది. నేను అడగలేదు, వినలేదు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వారిది. వెనక కూర్చునేవారు లేరు. కొన్ని ఆటలైతే, మనం నాలుగుసార్లు ఓడిపోగానే చెప్పకుండా తామే తేలికైపోతాయట... గెలిచామని మనం సంతోషపడతాం. లేచి నిలబడి నిలదీయడానికి అక్కడ మనిషే ఉండడు.

మీకు లెవల్ పెట్టినవారు ఎవరు? ఏం పెట్టారో మీకు ఎప్పుడు తెలిసింది? రాయండి... ఈసారి వాదించను, వింటాను.