సియోల్‌లో నా వయసు

పందొమ్మిదివందల ఎనభైల్లో సియోల్ వెళ్లాం. జోంగ్నో రోడ్డు మా పాండిచ్చేరి వీధులు నాలుగు కలిపినంత వెడల్పు. పక్క సందుల్లో ఇంటి నంబర్లు మాత్రం చీట్లు తీసి వేసినట్టున్నాయి, పదిహేడు పక్కన రెండొందల మూడు! మమ్మల్ని పిలిచిన ప్రొఫెసరు గారింట్లో భోజనానికి అప్పటికే గంట ఆలస్యం.

"నంబరుందిగా, ఇల్లు యాడికి పోతాది?" అన్నారు మా ఆయన.

క్యాబేజీల బుట్టతో ఎదురైన ఒకావిడ మా చేతిలోని అడ్రసు చూసి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. "ముందు కట్టిన ఇంటికి ముందు నంబరు. రండి, చూపిస్తా. మీ వయసెంత?"

దారి చూపడానికి నా వయసెందుకు? ఆరేళ్లు తగ్గించి నలభై అన్నాను.

"నాకు నలభై నాలుగు. నేను అక్కని" అంటూ బుట్ట నా చేతుల్లో పెట్టేసింది.

మిట్టెక్కుతూ మోశాను. "ఏందే, ఇప్పుడైనా నిజం చెప్పు, ఆమె మోస్తాది" అని మా ఆయన ఒకటే నవ్వు.

చచ్చినా చెప్పలేదు.