ఇంటర్వెల్‌కి ముందు చనిపోయేవాడు

కాకినాడ బస్సులో నా వెనక సీట్లో ఎవరో ఫోన్లో సినిమా పెట్టుకున్నారు. బొమ్మ నాకు కనిపించడం లేదు, శబ్దం మాత్రం వినిపిస్తోంది. ఒక కుర్రవాడి నవ్వు, ఎవరినో ఆటపట్టిస్తున్న మాటలు, కంచం చప్పుడు, తల్లి ముద్దుగా కసురుకోవడం, వెనక సన్నగా వేణువు. ఆ వేణువు వినగానే వీడు బతకడని నాకు తెలిసిపోయింది. ద్వారపూడి దాటుతుండగా వేణువు ఆగింది. బ్రేకుల కీచు వినిపించింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత డప్పులు. నా పక్కనున్నావిడ వెనక్కి తిరిగి, "కాస్త సౌండు తగ్గించుకోండి బాబూ" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సినిమాని ఇలా చెవులతో కూడా విప్పి చూడటం నాకు ప్రభాకరం గారు నేర్పారు. రాజమండ్రిలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఆయన తెలుగు మాస్టారు. ఇప్పుడు నేను కాకినాడలో ఒక కాలేజీలో సినిమా విశ్లేషణ పాఠం చెప్పి బతుకుతున్నానంటే అది ఆయన చలవే. ఆ మాట అనాల్సి వచ్చిన ప్రతిసారీ నా నోరు చేదవుతుంది.

మాస్టారు వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో కొన్నేళ్ళు కథాచర్చల్లో కూర్చుని వచ్చారు. తెర మీద పేరు పడలేదు. తిరిగొచ్చి ఉద్యోగంలో చేరారు కానీ ఆ చర్చల మీద మమకారం చావలేదు. సాయంత్రం క్లాసులయ్యాక ఇష్టమున్నవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, అందరం చూసేసిన ఫైటింగు సినిమా ఒకటి తీసుకుని ముక్కలు చేయించేవారు. నేను మొదటిసారి వెళ్ళినరోజు ఆయన వేసిన ప్రశ్న గుర్తుంది. "హీరోకి కోపం ఎప్పుడొచ్చింది?" అని అడిగారు. ఇంటర్వెల్ ఫైటు ముందని ఎవరో చెప్పారు. "అది కోపం బయటపడ్డ చోటు. ఆ కోపానికి కావలసిన మనిషిని మన ముందుకి ఎప్పుడు తెచ్చారో చెప్పండి." ఆయనే హీరో స్నేహితుడి పాత్రని వెనకనుంచి ముందుకి నడిపించుకొచ్చారు. వాడు పాటలో తప్పుగా స్టెప్పేయడం, వాడికి పెళ్ళి కుదరడం, హీరో కంచంలోంచి వేపుడు ముక్క లాక్కుని తినడం. "వాడు నవ్విన ప్రతిసారీ మనం వాడికి దగ్గరవుతాం. అందుకే నవ్వించారు. ఇంటర్వెల్‌కి ముందు చనిపోయేవాడు ప్రేక్షకుడికి కావలసినవాడై ఉండాలి, ఆ తర్వాతి కథకి అక్కర్లేనివాడై ఉండాలి" అన్నారు. అంతవరకూ సినిమా అంటే నా మీదికి వచ్చిపడేది. ఆ సాయంత్రం నుంచి దాని కీళ్ళు కనిపించడం మొదలైంది.

మాది రాజమండ్రికి దిగువన ఏటిగట్టు పక్క ఊరు. నాన్న లేరు. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది, ఆదివారం మాత్రం ఎంత పనున్నా లూథరన్ చర్చికి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళేది. అన్నయ్య రత్నరాజు రైసు మిల్లులో పనిచేస్తూ నన్ను చదివించాడు. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లకి, తను రాసింది ఒక మాస్టారు నలుగురిలో చదివి వినిపించడం చిన్న సంగతి కాదు. ప్రభాకరం గారు నేను రాసినవి చదివేవారు. ఒకసారి చదవడం ఆపి, "ఈ అమ్మాయి విలన్ వైపునుంచి కథ చెప్పింది చూశారా. విలన్‌కి కూడా ఒక ఇంటర్వెల్ ఉంటుందని నాకే తట్టలేదు" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నయ్యకి చెబితే, వాడు నవ్వి, "మరి నేను హీరోనా, హీరో ఫ్రెండునా?" అన్నాడు. హీరోవే అన్నాను.

గట్టు మీద ఇసుక లారీలు తిరిగేవి. బడి పిల్లలు ఆ దారినే వెళ్ళాలి. బడి వదిలే వేళకి అన్నయ్య తన బండి దారికి అడ్డంగా పెట్టి, పిల్లలు దాటేవరకూ లారీల్ని ఆపేవాడు. అరవడం, కొట్లాడటం వాడికి రాదు. "రెండు నిమిషాలు ఆగండి అన్నా, పిల్లలండి" అనేవాడు, అంతే. వద్దని ఊళ్ళో పెద్దలు చెప్పారు, ఇసుక తవ్వించే ర్యాంపు మనుషులూ చెప్పారు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఒక ఉదయం వాడు మిల్లుకి వెళ్తుంటే వెనకనుంచి లారీ గుద్దింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. కొన్నాళ్ళు లారీలు ఆగాయి. తర్వాత డ్రైవరు మారాడు, లారీలు అవే తిరిగాయి. సినిమాలోలా గునపం పట్టుకుని ఎవరూ బయల్దేరలేదు. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు కూడా ఆ గట్టు మీదుగానే, లారీలకి దారిస్తూ ఇళ్ళకి వెళ్ళారు.

మాస్టారు మా ఇంటికొచ్చారు. అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు. నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళాక ఒక సాయంత్రం గోదావరి రేవు మెట్ల మీద కూర్చోబెట్టి, "రాయగలిగితే రాయమ్మా. లేకపోతే నాకు చెప్పు, లోపల పెట్టుకోకు" అన్నారు. చెప్పాను. అప్పటివరకూ ఎవరికీ చెప్పనిది కూడా చెప్పాను. అన్నయ్య అన్నం కేరేజీని పోలీసులు ఆ మధ్యాహ్నమే తిరిగిచ్చారు. ఒక పక్క సొట్టపడింది కానీ మూత ఊడలేదు. సాయంత్రానికి చుట్టాలు ఇంటినిండా ఉండగా అమ్మ ఆ కేరేజీ పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. మూత తీసి, పొద్దున తనే పెట్టిన అన్నం, గోంగూర పప్పు కలుపుకుని తినడం మొదలెట్టింది. మా పిన్ని వచ్చి, "పాడైపోయి ఉంటుంది అక్కా" అని చెయ్యి పట్టుకోబోతే, "ముట్టుకోమాకు" అంది. చివరి మెతుకుదాకా ఒక్కతే తింది. కేరేజీ తోమి బోర్లించింది. తర్వాత ఏడ్చింది. ఇది చెబుతున్నంతసేపూ మాస్టారు నావైపు చూడకుండా నీళ్ళనే చూస్తూ విన్నారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను ఈరోజుకీ అనలేను. అదే నాకు మింగుడుపడదు.

ఆయనే దరఖాస్తులు పెట్టించి, ఎవరెవరికో ఫోన్లు చేసి నాకు విశాఖపట్నంలో ఎమ్మే సీటు వచ్చేలా చూశారు. నేనక్కడ ఉండగా ఒక సినిమా వచ్చింది. అందులో కథాసహకారం కింద మాస్టారి పేరు ఉందని తెలిసి సంతోషపడ్డాను కూడా. సెలవలకి ఇంటికొస్తే అమ్మే అడిగింది. "మన గట్టులాంటి గట్టు చూపించారంట, చర్చిలో చెప్పుకుంటున్నారు. తీసుకెళ్ళవే" అంది. రాజమండ్రిలో మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. బడి పిల్లల కోసం లారీలకి అడ్డం నిలబడే కుర్రవాడు తెర మీదికి రాగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వాడు బాగా నవ్వుతున్నాడు. హీరో కంచంలోంచి లాక్కుని తింటున్నాడు. వాణ్ణి ఎక్కడ చంపుతారో నాకు తెలుసు. లేచి వెళ్ళిపోదామంటే అమ్మ కదల్లేదు. లారీ గుద్దింది. సొట్టపడ్డ కేరేజీ తల్లి చేతికొచ్చింది. ఆమె మూత తీసి, ముద్ద కలిపి, హీరో నోట్లో పెట్టి, "తిను. తిని వెళ్ళు" అంది. హాలంతా ఈలలు. ముందు వరసలవాళ్ళు లేచి కాగితాలు ఎగరేశారు. హీరో గునపం అందుకున్నాడు, లైట్లు వెలిగాయి. ఆ వెలుగులో అమ్మ తెల్ల తెరనే చూస్తూ, "నేను ఎవరికీ పెట్టలేదు కదే" అంది.

రెండో సగం చూడకుండా వచ్చేశాం. ఆటోలో, "ఇది నువ్వు చెప్పిందేనా?" అని అడిగింది. అవునన్నాను.

మర్నాడు దానవాయిపేటలో మాస్టారింటికి వెళ్ళాను. నన్ను చూసి ఆయన కంగారు పడలేదు. కూర్చోమని, తనే మంచినీళ్ళు తెచ్చిచ్చారు. "చూశావా?" అన్నారు. చూశానన్నాను.

"ముద్ద ఎందుకు మార్చారండి?" అని అడిగాను. నేను అడగాలనుకుని వెళ్ళింది అది కాదు.

ఆయన పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. "ముద్ద తల్లి నోట్లోకి పోతే కథ అక్కడితో ఆగిపోతుందమ్మా. హీరో నోట్లోకి పోతేనే రెండో సగం మొదలవుతుంది."

"మా అమ్మ అక్కడితోనే ఆగిపోయిందండి."

"కాదనను. కానీ అలా తీస్తే ఎవరు చూస్తారు? ఇప్పుడు మీ అన్నయ్య కోసం ఊరూరా జనం ఈలలేస్తున్నారు."

"ఈలలు హీరోకండి. ఒక్క మాట మాకు చెప్పి ఉండొచ్చు కదండీ."

"చెబితే వద్దనేదానివి" అన్నారు. అని తల దించుకున్నారు. ఆ దించుకోవడంలో సిగ్గుందేమోనని చాలాసేపు చూశాను. నీళ్ళు తాగకుండా లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

ఆయన మాట తప్పని నిరూపించాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. ఆ సినిమానే ఫోన్లో ఆపి ఆపి చూశాను. తల్లే తినేస్తే ఏమవుతుందో ఎన్ని రకాలుగా అల్లుకున్నా కథ నిజంగానే ఆ గుమ్మంలో కూలబడిపోయేది. హీరోకి చేయడానికి ఏమీ మిగిలేది కాదు. కథ కట్టే లెక్క ప్రకారం ఆయన చేసింది సరైనదే. అదెలా సరైనదో చూడగలిగే కళ్ళు కూడా ఆయన ఇచ్చినవే. నాకు ఆయన మీద కోపం తీరకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

నిరుడు మాస్టారు పోయారు. సంతాపసభకి రమ్మంటే వెళ్ళాను. మాట్లాడినవాళ్ళందరూ కేరేజీ ముద్ద సన్నివేశం గురించే చెప్పారు. తెలుగుతల్లి గుండెని పట్టుకున్నారని ఒకాయన అన్నారు. ప్రియశిష్యురాలినని నన్ను కూడా పిలిచారు. మైకు ముందు నిలబడితే వెనక కుర్చీల్లో మా అమ్మలాంటి ఆడవాళ్ళు కనిపించారు. "సినిమా ఎలా చూడాలో ఆయన నేర్పారు. ఇంకోలా చూడటం నాకు రాదు" అని చెప్పి దిగిపోయాను. వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

నా క్లాసులో ఆయన పద్ధతిలోనే చెబుతాను, వేరే పద్ధతి నాకు లేదు. ఒక్క ప్రశ్న మాత్రం నేను కలుపుకున్నాను. చావు ఉన్న కథ ఎవరు రాసుకొచ్చినా, అది ఎవరికైనా నిజంగా జరిగిందా అని అడుగుతాను. అవునంటే, ఆ ఇంటివాళ్ళని మొదటి ఆటకి పిలుస్తావా అని అడుగుతాను. మొన్న ఒక అమ్మాయి తన వీధిలో కరెంటు షాకుతో పోయిన కుర్రవాడి మీద కథ కట్టుకొచ్చింది. చక్కగా కట్టింది. చావు సరిగ్గా ఉండాల్సిన చోట ఉంది. నా ప్రశ్న అడిగాను. ఆ పిల్ల అర్థంకానట్టు చూసి, "వాళ్ళెందుకండీ మేడమ్? ఇది ఆడియన్స్ కోసం కదండీ" అంది. క్లాసంతా నావైపు చూస్తోంది. చెప్పడానికి నా దగ్గర మా అమ్మ ఒక్కతే ఉంది, ఆమెని మళ్ళీ ఎవరి చేతుల్లోనూ పెట్టదలచుకోలేదు. కాగితాలు తిప్పి, ఎక్కువ మార్కులే వేసి, ఆ అమ్మాయికి ఇచ్చేశాను.