నత్త పళ్ళు చూపించిన ఎస్తేరు మేడం

ఈ ఏడు మొదటి ముసురు పట్టిన మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ నీళ్ళు పోయే మోరీ దగ్గర ఉప్పు చల్లుతోంది. బొటనవేలంత నల్లటి ప్రాణి ఒకటి గచ్చు మీద మెలికలు తిరుగుతోంది. ఉప్పు తగిలిన చోటల్లా తెల్లటి నురగ పొంగి, పచ్చి బురద లాంటి వాసన వేసింది.

"మళ్ళ మొదలైనయి జలగలు. కాలుకు పట్టుకుంటే రక్తం తాగుతయి," అంది అమ్మ.

"జలగ కాదమ్మా. చిప్ప లేని నత్త. ఆకులు తింటది."

"నీకు అన్నిటి మీద జాలే," అంటూ అమ్మ చీపురు అందుకుంది. ఆ వాసన చాలాసేపు పోలేదు. దానితో పాటే మా జువాలజీ లెక్చరర్ ఎస్తేరు మేడం గుర్తొచ్చారు. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె గురించి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

మాది హుస్సేనీ ఆలం. నాన్న ఆర్టీసీలో మెకానిక్. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉందన్న ఒకే కారణంతో నన్ను అక్కడి ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చేర్పించారు. జువాలజీ కూడా నేను కోరి తీసుకున్నది కాదు, చివరికి మిగిలిన సీటు అదే. నవాబుల కాలపు పాత భవనం, ఒక దేవిడీని కాలేజీగా మార్చడం వల్ల గదులు చీకటిగా, పైకప్పులు ఎత్తుగా ఉండేవి. వెనక మాత్రం ఎండిపోయిన బావి చుట్టూ కొంత నేల మిగిలింది. బాదం చెట్లు, ఒక సీతాఫలం చెట్టు, వాటి కింద ఏళ్ళ తరబడి ఎవరూ ఊడ్వక మెత్తలా పేరుకున్న ఆకులు. దాన్ని మేమంతా చమన్ అనేవాళ్ళం. ఎస్తేరు మేడం అఫ్జల్‌గంజ్ నుంచి వంతెన దాటి నడిచి వచ్చేవారు. పొట్టి మనిషి. నూలుచీర కొంగును భుజానికి పిన్నుతో బిగించి, చెప్పుల బురద కడుక్కుని గాని లోపలికి వచ్చేవారు కాదు. ఇంగ్లీషులో మొదలుపెట్టిన వాక్యాన్ని తెలుగులో నడిపించి ఉర్దూలో ముగించడం ఆమెకు అలవాటు. క్లాసులో ఏ మూల కూర్చున్న పిల్లకైనా అందులో కొంత తన భాష ఉండేది.

మొదటి సంవత్సరం వానాకాలంలో ఒకరోజు ల్యాబ్ సింకులో ఇలాంటిదే ఒకటి కనిపించింది. నా పక్కన కూర్చునే నస్రీన్ "మేడం, జోంక్! జోంక్!" అని అరుస్తూ స్టూలు ఎక్కేసింది. మేడం వచ్చి దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"జోంకా? ఎట్ల చెప్తవ్?"

"కాలీ హై, లంబీ హై, చిప్‌చిపీ హై మేడం."

"నల్లగ, పొడుగ్గ, జిగటగ ఉన్నవన్ని ఒక్కటేనా? కిందికి దిగు. దగ్గరికొచ్చి చూడు. జలగ ఒంటి నిండ గీతలుంటయి, గాజులు పేర్చినట్టు. దీనికున్నయా?"

లేవు. నస్రీన్ దిగి వచ్చింది, మేమంతా చుట్టూ మూగాం. కాసేపటికి ఆ ప్రాణి భయం తీరి, ముందు వైపు నుంచి రెండు కొమ్ములు మెల్లగా బయటపెట్టింది. కొమ్ముల చివర ఆవగింజలో సగమంత కళ్ళు. వాటి కింద ఇంకో పొట్టి జత. మేడం దాన్ని గాజుపలక మీదికి ఎక్కించి, పలకను పైకెత్తి అడుగు నుంచి చూపించారు. పొట్ట అడుగున సన్నటి పాదం, దాని పొడవునా అలలు అలలుగా కదిలే కండ. జలగ వానపాము ఉండే వర్గానికి చెందుతుందనీ, ఇది మొలస్కా వర్గానిదనీ, అందులో పొట్టతో నడిచే ఉదరపాదుల విభాగానిదనీ అప్పుడు చెప్పారు. "జలగకు చుట్టం లెక్క కనబడ్తది. కాని దీని చుట్టాలు ముత్యపు చిప్పలు, సముద్రంల ఉండే ఆక్టోపస్," అన్నారు. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణాలు చూస్తూ పెరిగిన పిల్లలం. ఆ ముత్యాలను చేసేదానికీ ఈ సింకులోని జిగురుముద్దకూ చుట్టరికం ఉందంటే నమ్మలేక నవ్వాం.

ఆ రోజే ఆమె ఇంకో మాట చెప్పారు. "స్లగ్గులన్ని, అంటే ఈ చిప్ప లేని నత్తలన్ని, ఒకే ఖాందాన్ అనుకునేరు. నత్తలల్ల వేర్వేరు ఖాందాన్లు వేర్వేరు కాలాలల్ల ఎవరికి వాళ్ళు చిప్ప ఇడిచిపెట్టిన్రు. పాతబస్తీల ఆటో నడిపేటోళ్ళందరు అన్నదమ్ములా? కాదు గద. ఇవి గూడ గట్లనే." వాటిలో ఎక్కువ భాగం ఆకులు, బూజు, కుళ్ళినవి తింటాయని, కొన్ని మాత్రం వేటాడతాయని అన్నారు. యూరప్‌లో తోక చివర గోరంత చిప్ప మిగిలిన స్లగ్గులు ఉన్నాయట. మట్టిలో దూరి వానపాముల వెంటపడి, పట్టుకున్నదాన్ని సేమ్యా జుర్రినట్టు లోపలికి లాక్కుంటాయట.

"అంత మెల్లగ పోయేది ఎట్ల వేటాడ్తది మేడం?" అని అడిగాను. కాలేజీలో నేను నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అది.

"అది తినేది గూడ మెల్లగనే పోతది గద," అన్నారామె. అందరూ నవ్వారు. నా ప్రశ్నకు ఒకరు ఆలోచించి జవాబిచ్చారన్న సంతోషంతో నేను ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను.

మరుసటి ఏడు వానల్లో, పొద్దున ప్రాక్టికల్స్‌కు ముందు చమన్‌లో నిలబడి ఉండగా బావి గట్టు మీద ఒక స్లగ్గు కనిపించింది. దాని కింద పగిలిన నత్త. స్లగ్గు నోరు ఆ నత్త మాంసం మీద ఆడుతోంది. నేను పరుగున వెళ్ళి మేడంను పిలుచుకొచ్చాను. ఆమె తడి గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి తగలకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"వేటాడేది దొరికింది మేడం!"

"తింటున్నది. గది మాత్రం నిజం. చంపిందో, ఎవరి చెప్పు కింద పడి చచ్చిందో మనం చూసినమా?"

చూడలేదు. కానీ వార్త అప్పటికే వరండా దాటింది. అక్కడ సంగతి కొంచెం చెప్పాలి. ఆ చమన్‌ను చదును చేసి, సిమెంటు పోసి, బండ్లు పెట్టుకునే చోటుగా మార్చాలని యాజమాన్యం నిర్ణయించింది. ప్రిన్సిపాల్ మేడంకు అది ఏమాత్రం ఇష్టం లేదు. మధ్యాహ్నం ఆ చెట్ల కిందే కుర్చీ వేయించుకుని అన్నం తినే మనిషి ఆమె. "మాంసాహారి స్లగ్గు మా కాలేజీలో దొరికిందని పేపర్లో పడితే వాళ్ళు చెయ్యి పెట్టడానికి జంకుతారు," అని తనకు తెలిసిన విలేఖరికి ఫోన్ చేసి వచ్చే వారం రమ్మన్నారు. కాలేజీ అంతా పండగలా అయింది. చూసింది నేను కాబట్టి జూనియర్లు వచ్చి నన్ను చూసి వెళ్ళేవాళ్ళు.

ఎస్తేరు మేడం మాత్రం ల్యాబ్‌లో తన పని తాను చేసుకుంటూ పోయారు. పెద్ద గాజు సీసాలో తడి మట్టి వేసి, ఆ స్లగ్గును, బతికున్న చిన్న నత్తలను కలిపి పెట్టారు. రోజూ చూసేవాళ్ళం. నత్తలు స్లగ్గు వీపు మీదుగా ఎక్కి దిగుతున్నాయి, అది పట్టించుకోవడం లేదు. తోటకూర ఆకు వేస్తే పొద్దుటికి ఈనెలు మిగిలాయి. "ఆకలైతలేదేమో మేడం," అన్నాను. "కావొచ్చు," అన్నారు. "అందుకే పళ్ళు చూద్దాం."

నత్తకు పళ్ళుంటాయని నాకు అప్పటిదాకా పుస్తకంలో వాక్యంగానే తెలుసు. ఆయా యాదమ్మ ఉప్పు చల్లి చంపిన అదే జాతి స్లగ్గు ఒకదాన్ని మేడం అడిగి తీసుకున్నారు. తల భాగం కోసి కాస్టిక్ సోడా ద్రావణంలో వేశారు. మర్నాటికి కండ అంతా కరిగిపోయి, అడుగున వెంట్రుక కంటే కాస్త వెడల్పున్న పారదర్శకమైన పట్టీ మిగిలింది. దాన్ని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టారు. "రాడ్యులా అంటే ఇదే. చూడు." వరస వెనక వరస, పొట్టి పొట్టి పళ్ళు, కొబ్బరి కోరే పీటకు ఉన్నట్టు. పట్టీ నిండా అవే. వేటాడేవాటికి పళ్ళు తక్కువగా, పొడవుగా, వెనక్కి వంగిన సూదుల్లా ఉంటాయని, దొరికింది జారిపోకుండా అవి పట్టుకుంటాయని ఆమె కాగితం మీద గీసి చూపించారు. నేను మళ్ళీ మైక్రోస్కోపులోకి చూశాను. సూది లాంటిది ఒక్కటీ కనిపించలేదు.

"ఇది గీకి తినేది. ఆ రోజు చచ్చిన నత్త దొరికింది, గీకింది," అన్నారు మేడం. ఆమె గొంతులోనూ ఉత్సాహం తగ్గింది.

"ఇప్పుడు ఎట్ల మేడం? రేపు పేపరోళ్ళొస్తున్నరు."

"వస్తే ఉన్నది చెప్తం."

"మీరేం అనకుండ ఉంటే చాలు మేడం. తింటుంటె నేను చూసిన. గది అబద్ధం కాదు గద. చెట్లు మిగుల్తయి. ఎవరికేం నష్టం?"

ఆమె స్లైడ్ తీసి, అంచులు తుడిచి, డబ్బాలో పెట్టారు. కిటికీలోంచి చమన్ కనిపిస్తోంది. అటే చూస్తూ అన్నారు: "నాకు గూడ ఆ చెట్లు కావాలె మంజులా. కాని రేపు నేను చెట్ల కోసం నిజం దాచిననుకో. ఎల్లుండి క్లాసుల ఇంకేదన్న చెప్తే, అది నిజమా, అవసరముండి చెప్తున్ననా అని నీకు అనుమానం రాదా?"

నాకు కోపం వచ్చింది. ఆ రోజు ఆమెకు చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు విలేఖరి, ఫోటోగ్రాఫర్ వచ్చారు. ప్రిన్సిపాల్ మేడం సీసాను బల్ల మీద పెట్టించి, పక్కన నన్ను నిలబెట్టారు. విలేఖరి మర్యాదస్తుడే. "ఇది వేటాడుతుందంటగా మేడం?" అని ఎస్తేరు మేడంను అడిగాడు. ఆమె లేదన్నారు. ఎలా అనుకున్నామో, ఎందుకు కాదని తేలిందో ఓపిగ్గా చెప్పి, మైక్రోస్కోపులో చూడమన్నారు. అతను చూశాడు. "మరి వార్త ఏముంది మేడం ఇందులో?" అన్నాడు. "ఆకులు కుళ్ళి మట్టి అయ్యే జాగా పాతబస్తీల ఎంత మిగిలిందో రాయండి. ఇసువంటివాటికి అదే ఇల్లు," అన్నారామె. అతను తలూపాడు, టీ తాగాడు, ఫోటో తీయకుండా వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ మేడం తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

దసరా సెలవుల ముందు పనివాళ్ళు వచ్చారు. సీతాఫలం చెట్టు కొట్టేశారు, బాదం చెట్లలో ఒకటి మిగిల్చారు. సిమెంటు పోసే ముందు రోజు మేడం మమ్మల్ని పిలిచి, పాత బకెట్లలోకి, పగిలిన కుండీల్లోకి ఆ ఆకుల మట్టిని ఎత్తించి మేడ మీద నీడలో పెట్టించారు. నాకు ఇంకా కోపం పోలేదు, అయినా వెళ్ళాను. అలా ఎత్తుతున్నప్పుడే నస్రీన్ "మేడం, యే క్యా హై?" అంటూ చెయ్యి చాపింది. బియ్యపుగింజ కంటే కాస్త పొడవున్న సన్నటి చిప్ప, గాజులా అవతలి వైపు కనిపించేది. లోపలి ఒళ్ళు నారింజ రంగు. అది తన పక్కనున్న ఇంకో చిన్న నత్త చిప్పలోకి మెడదాకా తల దూర్చి ఉంది. మేడం లెన్స్ తీశారు. తినబడుతున్న నత్త ఇంకా కదులుతోంది. మేమంతా ఆ మట్టిలో చతికిలబడి, వంతులవారీగా లెన్స్ మార్చుకుంటూ చూశాం.

"ఇదీ వేటంటే," అన్నారు మేడం. "స్లగ్గు కాదు, చిప్పున్న నత్తే. కాని వేటగత్తె."

"ఇప్పుడన్న పేపరోళ్ళను పిలుద్దాం మేడం!" అన్నాను.

ఆమె నవ్వారు. "ఇది అరుదైంది కాదమ్మా. తోటలల్ల, పూలకుండీలల్ల మస్తుంటది. ఎవ్వరు వంగి చూడరు, గంతే." నేను ఎంత గట్టిగా అడిగినా ఒక్క మాటను కూడా పెంచి చెప్పడానికి ఆమె ఒప్పుకోరని అప్పుడు అర్థమైంది. నా కోపం ఆ మట్టి దగ్గరే పోయిందనుకుంటాను. ప్రిన్సిపాల్ మేడం మాత్రం ఆమెతో మాట్లాడటానికి సంక్రాంతి దాటింది. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని తానే ల్యాబ్‌కు వచ్చి, "చెట్ల కింద చోటు లేదుగా, ఇక్కడ తింటాను," అని స్టూలు లాక్కున్నారు. మేడం సింకు పక్కన బల్ల మీది గిన్నెలు జరిపి చోటిచ్చారు.

డిగ్రీ అయ్యాక నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. ఇప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక రక్తపరీక్షల సెంటర్‌లో పనిచేస్తున్నాను. మేడం రిటైరయ్యాక అప్పుడప్పుడు ఆ దారిన పోతూ లోపలికి వచ్చి, "ఏం చూస్తున్నవ్? నాకూ చూపెట్టు," అని మైక్రోస్కోపు దగ్గరికి నడిచేవారు. చివరి రోజుల్లో చూపు మందగించింది. అప్పుడు నన్ను చూసి చెప్పమనేవారు. నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. తొందరపడి పేరు చెప్పేస్తే మాత్రం, "పేరు తర్వాత. ముందు ఏం కనబడ్తున్నదో చెప్పు," అని ఆపేవారు.

మొన్న ఒకామె బురఖా కొంగులో చుట్టిన మందుసీసా పట్టుకుని వచ్చింది. ముసుగులోంచి కనిపిస్తున్న కళ్ళు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. సీసాలో ఉన్నది నాలుగేళ్ళ పాప పక్కబట్టల్లో కనిపించిందట, కడుపులోంచి పడ్డ పురుగేనని ఇంట్లో అందరూ అంటున్నారట. "ఇంకా లోపలెన్ని ఉన్నయో బేటా, ఆపరేషన్ చెయ్యాల్నా?" అని నా చెయ్యి పట్టుకుంది. మా సెంటర్ మేనేజర్ తొంగి చూసి, "పురుగని రాసెయ్, డాక్టర్ చూసుకుంటడు," అన్నాడు. నేను దాన్ని పళ్ళెంలో వేసి రెండు చుక్కల నీళ్ళు పోశాను. అది బతికే ఉంది. ఒంటి మీద గీతలు లేవు. కాసేపు ఆగాను. ముందు వైపు నుంచి రెండు కొమ్ములు మెల్లగా బయటికి వచ్చాయి.

ఆమెను దగ్గరికి పిలిచి చూపించాను. "కొమ్ములు, వాటి కొసన కండ్లు కనబడ్తున్నయా అమ్మీ? అడుగున పాదమున్నది. ఇది తడి నేల మీద బతికేది, కడుపుల బతికేది కాదు. వానకు ఇంట్లకొచ్చి పక్క ఎక్కింది. అయినా పాపను ఒకసారి డాక్టర్‌కు చూపెట్టు."

"పక్కా?" అని అడిగింది. "దీని పేరేంది?"

"ఇది పురుగు కాదన్నది పక్కా. నత్తల జాతి," అన్నాను. "ఏ రకం నత్తో నాకు తెల్వదు."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత పక్కనున్న కుర్చీలో కూర్చుని, ముసుగు తీసి, గట్టిగా ఊపిరి వదిలింది. రిపోర్టులో నాకు కనిపించినంతే రాశాను.