మేడమ్ చూడకుండా మిగిలిన రాళ్ళు

మేడమ్ పోయారన్న కబురు నాకు గ్రైండర్ మోతలో వచ్చింది. ఆటోనగర్‌లో మా వెల్డింగ్ షెడ్డు. వాళ్ళమ్మాయి ఫోన్ చేస్తే, మిషన్ ఆపి మళ్ళీ చెప్పించుకున్నాను. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ కూలబడిపోయారట. పక్క షెడ్డాయన విని, "ఎవులు, ఆ బూజుల మేడమా?" అన్నాడు. చేతిలో ఉన్న రెంచీ విసిరేసేవాణ్ణే. పోయినావిడ మీద గౌరవంతో ఆ పూటకి ఊరుకున్నాను. ఎల్లకాలం ఊరుకోలేకే ఇది రాస్తున్నాను.

అవును, బూజుల మేడమే. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరై, ఆ తర్వాత లైకెన్ల వెంట పడ్డారు. లైకెన్ అంటే తెలియనివాళ్ళు వంటింట్లో వెతుక్కోండి, బిర్యానీలో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. "బూజూ పాచీ పెళ్ళాడి రాయి మీద కాపురం పెడితే లైకెన్‌రా" అని నాకు చెప్పారు. నేను టెన్త్ తప్పినవాణ్ణి. మిగతాదంతా ఫోన్లో వెతుక్కుని చదువుకున్నాను, అర్థం కాకపోతే ఆవిడ ప్రాణం తీసేవాణ్ణి.

మొదటిసారి స్కూటీ స్టాండుకి వెల్డింగ్ పెట్టించుకోవడానికి వచ్చారు. బండిని నాకొదిలేసి, షెడ్డు ముందున్న వేపచెట్టు బెరడుని లెన్సుతో చూస్తూ నిలబడ్డారు.

"ఏటి మేడమ్, ఏటైనా పడిపోనాదా?"

"ఉండాల్సినవి లేవురా. మీ పొగకి చచ్చిపోయాయి. రోజంతా ఈ గాలే పీలుస్తావా నువ్వు?"

నా ఊపిరితిత్తుల గురించి అంతకుముందు ఎవరూ అడగలేదు.

అప్పట్నుంచి ఆదివారాలు నా బండి మీద తిరిగేవాళ్ళం. ఏ లైకెన్‌కి ఎంత ముప్పుందో తేల్చడం ఆవిడ పని. పులులకీ తాబేళ్ళకీ తేల్చేవాళ్ళు బోలెడుమంది. రాతికి అంటుకున్న పొరకి ఎవరున్నారు? అది ఎక్కడెక్కడ ఉందో, తరుగుతోందో లేదో, దేనివల్ల చేటో తిరిగి చూసి రాసి పంపాలి. ఆ విద్య తెలిసిన పెద్దలు ఒప్పుకుంటే ముప్పున్నవాటి జాబితాలో పేరెక్కుతుంది. దీనికి ఆవిడకెవరూ జీతమివ్వలేదు.

రాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు చెప్పులు విప్పేసేవారు. "గుడేటి మేడమ్?" అంటే, "గుడైతే పూజారి చూసుకుంటాడు. ఇక్కడ మన కాలికింద ఏది నలుగుతుందో ఎవరు చూస్తారు?" అనేవారు. కారప్పొడి రాసిన ఇడ్లీలు తెచ్చేవారు. తాను రెండు తీసుకుని డబ్బా నా వైపు తోసేసేవారు. నేను వద్దంటే, "ఇనుము మోసేది నువ్వా నేనా?" అని కసిరేవారు.

యారాడ కొండ మీద నారింజ రంగు పొర ఒకటి చూపించారు. ముగ్గు మీద వాన చినుకులు పడ్డట్టు అంచులన్నీ చిన్న చిన్న చీలికలు. అదే రకం సబ్బవరం దగ్గర ఒక గుట్ట మీద కూడా ఉండేది. మేం మళ్ళీ వెళ్ళేసరికి గుట్టే లేదు. కంకర కొట్టేసి, చదును చేసి, ప్లాట్లకి జెండాలు పాతేశారు. యారాడ కొండ వాలు మీద కూడా ఏదో రిసార్టు వస్తుందని అప్పటికే మాట వినిపిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రాసీండి మేడమ్! ఇంకెక్కడా లేదు, అయిపోతంది, కొండని ముట్టుకోవద్దని రాసీండి."

"సముద్రం వైపు కింద రాళ్ళు చూశామా?"

"అక్కడికెవులెల్తారండి? పడవ కావాల."

"చూడకుండానే లేదని రాసేస్తావా?"

"దొరికితే ముప్పు తక్కువంటారు. అప్పుడు కొండ తవ్వీత్తారు, మీకు తెల్దేటి?"

"తవ్వేవాళ్ళతో కొట్లాడదాం, నీకు నోరుందిగా. మధ్యలో దీని మీద అబద్ధమెందుకు? దొరికితే సంతోషించాలిరా, బతికుందని."

కోపంతో ఆ రోజు ఇడ్లీ ముట్టలేదు. ఆవిడ డబ్బా నా బండి పెట్టెలో పెట్టేసి, వెనక ఎక్కి కూర్చున్నారు. వానలు తగ్గాక పడవలో వెళ్దామన్నారు. వానలు తగ్గాయి. మేడమ్ లేరు.

ఆవిడ దగ్గర చదువుకుని ఇప్పుడు లెక్చరరైన ఒకాయన రిపోర్టు పూర్తి చేయడానికి ముందుకొచ్చారు. "ఆ కింద రాళ్ళ దాకా ఎవరు వెళ్తారు తమ్ముడూ? అక్కడ లేదనే రాసేద్దామా?" అని నన్నడిగారు. నేను కోరుకున్నదే అది. కొండకి అదే మేలు. ఔననబోయి, "పడవ నాను మాటాడతాను, రండి" అన్నాను.

యారాడలో చేపలు పట్టే నా స్నేహితుడు నవ్వాడు. "సేపలకి కాకుండా రాళ్ళకి పడవేటి బావా? మతి గానీ పోనాదా?" అంటూనే ఇంజను తిప్పాడు. లెక్చరరుగారు దారిపొడుగునా వాంతులు చేసుకున్నారు. అయినా కెమెరా వదల్లేదు.

కొండ మలుపు తిరిగాం. మనిషి కాలు పడని ఆ రాతిగోడ పొడుగునా అదే పొర. ఆయన కెమెరాలో దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. "అదే. ఎంతుందో చూడు. ఇది రాస్తే ముప్పు తక్కువనే తేలుతుంది, తెలుసుగా?"

"రాయండి" అన్నాను. కొండ కోసం కొట్లాట మిగిలే ఉంది. అది నేను చూసుకుంటాను.

"దొరికితే ఏడుత్తన్నావేటి బావా?" అన్నాడు నా స్నేహితుడు.

ఇంజను ఆపమన్నాను. అల వచ్చి కొట్టి తుంపర లేచినప్పుడల్లా ఆ నారింజ చిక్కబడుతోంది. ఎండకి మెల్లగా పలచబడుతోంది. పూర్తిగా ఆరకముందే మళ్ళీ అల.